రైస్ మిల్లు బాయిలర్‌కి సైక్లోన్ పెట్టుకోవడం ఎలా: సెంట్రిఫ్యూగల్ ఫోర్స్‌తో పొగని శుభ్రం చేసే పూర్తి పద్ధతి

ఉప్పుడు బియ్యం మిల్లు పక్కన ఇల్లు ఉన్నవాళ్ళని అడిగితే చెప్తారు, పొద్దున లేచేసరికి డాబా మీద నల్లటి పొర, ఆరేసిన బట్టల మీద మచ్చలు, బండి మీద వెళ్తుంటే కంట్లో నలక. మిర్యాలగూడ వైపు అయినా గోదావరి జిల్లాల్లో మండపేట వైపు అయినా ఇదే కథ. ఆ నలుపులో చాలా భాగం ఊక బూడిదే, బాయిలర్లో ఊక కాలాక గాలితో పాటు ఎగిరి చిమ్నీలోంచి బయటపడేది. దాన్ని ఆపడానికి ఉన్న వాటిలో చవకైనది, కదిలే పార్టులు దాదాపు లేనిది సైక్లోన్, అంటే పొగని గిర్రున తిప్పి బూడిదని వేరు చేసే గరాటు లాంటి స్టీలు డబ్బా. కానీ చాలా చోట్ల దాన్ని సైజు లెక్క లేకుండా కంటితో చూసి కట్టేస్తున్నారు, తర్వాత పని చేయట్లేదని తిడుతున్నారు. అందుకే లెక్కతో సహా మొత్తం రాస్తున్నా, మిల్లు ఓనర్లకి, బాయిలర్ ఆపరేటర్లకి, ఫ్యాబ్రికేషన్ షాపు వాళ్ళకి, డిప్లొమా పిల్లలకి అందరికీ పనికొచ్చేలా.

ముందు ఒక్క విషయం తేల్చుకోండి: మీరు ఆపాలనుకునేది దుమ్మా, గ్యాసా?

ఇది తేలకపోతే డబ్బులు దండగ. "సెంట్రిఫ్యూగల్ ఫోర్స్‌తో గ్యాసులు వేరు చేస్తాం, సల్ఫర్ కూడా పోతుంది" అని అమ్మేవాళ్ళు ఉంటారు, వినేముందు ఈ లెక్క చూడండి.

సైక్లోన్‌లో పొగ పక్క నుంచి స్పీడుగా లోపలికొచ్చి గుండ్రంగా తిరుగుతుంది. సెకనుకి 16 మీటర్ల స్పీడు, సైక్లోన్ వ్యాసార్థం 0.56 మీటర్లు అనుకుంటే బయటి గోడ వైపు తోసే బలం, అంటే సెంట్రిఫ్యూగల్ ఫోర్స్, భూమ్యాకర్షణకి 46, 47 రెట్లు ఉంటుంది. బూడిద రేణువుకి అది చాలా ఎక్కువ, వెళ్ళి గోడకి తగిలి కిందికి జారిపోతుంది. కానీ ఒక గ్యాస్ అణువు అలా కాదు, అది వేడికి తనంతట తాను సెకనుకి వందల మీటర్ల స్పీడుతో అన్ని దిక్కులా కొట్టుకుంటూ ఉంటుంది, ఈ 16 మీటర్ల తిరుగుడు దానికి లెక్కే కాదు. సల్ఫర్ డయాక్సైడ్ అణుభారం 64, నైట్రోజన్‌ది 28, ఇంత తేడా ఉన్నా 180 డిగ్రీల వేడి దగ్గర ఈ సైక్లోన్‌లో మధ్యకీ గోడకీ మధ్య సల్ఫర్ డయాక్సైడ్ పాళ్ళలో వచ్చే తేడా 0.12 శాతం దగ్గర. కార్బన్ డయాక్సైడ్‌కి అయితే 0.05 శాతం. అది కూడా లోపల గాలి చిలికినట్టు కలిసిపోవడం వల్ల మిగలదు. గ్యాసులో గ్యాసుని సైక్లోన్‌తో విడదీయాలనుకోవడం నీళ్ళలో కరిగిన పంచదారని జల్లెడ పట్టడం లాంటిదే.

గ్యాసుని గ్యాసు నుంచి నేరుగా తిప్పి వేరు చేసేది అణు ఇంధనం తయారీలో వాడే సెంట్రిఫ్యూజ్‌లు, అక్కడ గొట్టం గోడ స్పీడే సెకనుకి వందల మీటర్లు, అది కూడా ఒకదాని వెనక ఒకటి ఎన్నో పెడితే గానీ కావలసినంత రాదు. చిమ్నీ పొగకి ఆ దారి లేదు.

మరి గ్యాసుల విషయంలో ఈ బలం అసలు పనికిరాదా అంటే, వస్తుంది, ఒక షరతు మీద. ముందు ఆ గ్యాసుని చుక్కగానో రేణువుగానో మార్చాలి, లేదా నీటి చుక్కలోకి పీల్చుకునేలా చేయాలి, ఆ తర్వాత చుక్కని తిప్పి విసిరేయాలి. సహజవాయువు బావుల దగ్గర సూపర్‌సోనిక్ సెపరేటర్లు చేసేది అదే, గ్యాసుని నాజిల్లోంచి ధ్వని వేగం దాటించి చల్లబరిస్తే అందులోని నీటి ఆవిరి, బరువైన హైడ్రోకార్బన్లు సన్న చుక్కలవుతాయి, వాటిని సుడితో గోడకి తోస్తారు. మలేషియాలో సారవాక్ సముద్రతీరం దగ్గర ఇది వాడారు. ఇంకోటి 1980 ప్రాంతంలో బ్రిటన్‌లో ఐసీఐ కంపెనీలో కొలిన్ రామ్‌షా అనే ఆయన తెచ్చిన తిరిగే ప్యాక్డ్ బెడ్, అందులో ద్రవాన్నే గిర్రున తిప్పి పల్చటి పొరలుగా, చుక్కలుగా చీలుస్తారు, అప్పుడు గ్యాసు దాంట్లో త్వరగా కరుగుతుంది, చిన్న మెషీన్‌లోనే పెద్ద టవర్ చేసే పని అవుతుంది. సల్ఫర్ డయాక్సైడ్ తీయడానికి, అమైన్ ద్రావణంతో కార్బన్ డయాక్సైడ్ పట్టడానికి దీన్ని వాడే పని నడుస్తోంది. మన మిల్లు స్థాయిలో ఇదే సూత్రం తడి స్క్రబ్బర్‌గా వస్తుంది, దాని సంగతి కింద చెప్తా. ముందు బూడిద.

స్టెప్ 1: ఎంత పొగ వస్తుందో లెక్క కట్టండి

చేతిలో పిటో ట్యూబ్ (గాలి స్పీడు కొలిచే గొట్టం) ఉండి డక్ట్‌లో స్పీడు కొలవగలిగితే అదే బెస్ట్. లేకపోతే ఇంధనం నుంచి లెక్క వేయొచ్చు. గంటకి 2 టన్నుల ఆవిరి ఇచ్చే బాయిలర్ తీసుకుందాం, ఊక కాలరిఫిక్ విలువ కిలోకి 3000 నుంచి 3500 కిలో కాలరీల మధ్య ఉంటుంది, బాయిలర్ ఎఫిషియన్సీ 65 శాతం అనుకుంటే గంటకి సుమారు 600 కిలోల ఊక కాలుతుంది. ఊక కాలడానికి కావలసిన గాలికి తోడు మామూలుగా పోయే అదనపు గాలి కూడా కలిపితే కిలో ఊకకి దగ్గర దగ్గర 9 కిలోల పొగ. అంటే గంటకి 5400 కిలోలు. 180 డిగ్రీల దగ్గర పొగ సాంద్రత ఘనపు మీటరుకి 0.78 కిలోలు, భాగిస్తే గంటకి 6900 ఘనపు మీటర్లు. డక్ట్ జాయింట్ల దగ్గర లీకులు ఎలాగూ ఉంటాయి కాబట్టి 7200 అనుకోండి, అంటే సెకనుకి 2 ఘనపు మీటర్లు. ఇక్కడి నుంచి లెక్కంతా ఈ 2 మీదే.

ఉష్ణోగ్రత తప్పుగా తీసుకోవద్దు. అదే పొగ 250 డిగ్రీలకి వస్తుంటే వాల్యూమ్ 15 శాతం పెరుగుతుంది, సైక్లోన్ సైజు మారిపోతుంది. థర్మామీటర్ సైక్లోన్ పెట్టబోయే చోటే పెట్టి చూడండి, బాయిలర్ నోటి దగ్గర కాదు.

స్టెప్ 2: బూడిద ఎంత, ఎంత సన్నం

ఊకలో బూడిద 18 నుంచి 20 శాతం, ఇది చాలా ఎక్కువ, కట్టెలకి దీనిలో పదో వంతు కూడా ఉండదు. 600 కిలోల ఊకకి గంటకి 120 కిలోల బూడిద. అందులో ఎంత గ్రేట్ (ఊక కాలే జాలీ) కింద పడుతుంది, ఎంత ఎగురుతుంది అనేది ఫర్నేస్ రకం మీద ఆధారపడుతుంది, ఉదాహరణకి 40 శాతం ఎగురుతుందనుకుంటే 48 కిలోలు. ఈ పొగని 25 డిగ్రీల నార్మల్ ఘనపు మీటర్లలోకి మారిస్తే గంటకి 4740, అంటే ఒక్కో నార్మల్ ఘనపు మీటరులో 10 గ్రాముల బూడిద. సైక్లోన్ 90 శాతం పట్టినా చిమ్నీలోంచి 1000 మిల్లీగ్రాములు బయటికి పోతుంది. పొల్యూషన్ బోర్డు ఇచ్చిన మీ సీఎఫ్ఓ (మిల్లు నడపడానికి అనుమతి) కాగితం తీసి అందులో పార్టిక్యులేట్ మ్యాటర్ (పొగలోని రేణువులు) లిమిట్ ఎంత రాసుందో చూడండి. 150 మిల్లీగ్రాములు అని ఉంటే సైక్లోన్ ఒక్కదానితో అవదు, ఇది ఇప్పుడే తెలుసుకుంటే తర్వాత ఏడవక్కర్లేదు. అలాంటప్పుడు సైక్లోన్ మొదటి మెట్టు, దాని వెనక బ్యాగ్ ఫిల్టరో (గుడ్డ సంచులతో పొగని వడపోసేది) స్క్రబ్బరో పెట్టాలి. ముందు సైక్లోన్ ఉండటం వల్ల నిప్పురవ్వలు బ్యాగుల దాకా పోవు, బ్యాగుల మీద లోడ్ కూడా పదో వంతుకి పడిపోతుంది, కాబట్టి అది వృథా కాదు.

సైజు కోసం చిమ్నీ దగ్గర సరైన పద్ధతిలో శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపించండి. గ్రేట్ కింద పడిన బూడిదని పంపొద్దు, అది లావుది, ఎగిరేది వేరే.

స్టెప్ 3: సైక్లోన్ కొలతలు

సైక్లోన్ కొత్త వస్తువేం కాదు, 1880లలోనే అమెరికాలో మిల్లుల దుమ్ము పట్టడానికి పేటెంట్లు వచ్చాయి. కానీ ఏ భాగం ఎంత ఉండాలి అన్నది పరీక్షలు చేసి స్థిరపరిచింది తర్వాత, బ్రిటన్‌లో స్టెయిర్మండ్ 1951లో ఇచ్చిన హై ఎఫిషియన్సీ కొలతలు, అమెరికాలో ల్యాపుల్ ఇచ్చిన కొలతలు ఇప్పటికీ వాడుతున్నాం. అన్నీ బాడీ వ్యాసంతో ముడిపడి ఉంటాయి. ఊక బూడిదకి నేను స్టెయిర్మండ్‌దే తీసుకోమంటా, కొంచెం ఎత్తు ఎక్కువైనా సన్న రేణువులు బాగా పడతాయి.

ఇన్‌లెట్ ఎత్తు వ్యాసంలో 0.5, ఇన్‌లెట్ వెడల్పు 0.2, కాబట్టి ఇన్‌లెట్ ఏరియా అంటే వ్యాసం వర్గంలో 0.1 వంతు. ఇన్‌లెట్ స్పీడు సెకనుకి 15 నుంచి 20 మీటర్ల మధ్య పెట్టండి. మనం 16 తీసుకుంటే 2 ని 16 తో భాగిస్తే ఏరియా 0.125 చదరపు మీటర్లు, దాన్నుంచి వ్యాసం 1.12 మీటర్లు వస్తుంది. మిగతావి:

బాడీ వ్యాసం 1120 మిల్లీమీటర్లు
ఇన్‌లెట్ ఎత్తు 560, వెడల్పు 224
పైకి పొగ పోయే లోపలి పైపు వ్యాసం 560, లోపలికి దిగాల్సిన లోతు 560
సిలిండర్ భాగం ఎత్తు 1680
కోన్ ఎత్తు 2800
కింద బూడిద పడే రంధ్రం 420

మొత్తం ఎత్తు నాలుగున్నర మీటర్లు, కింద హాపర్, వాల్వ్, బూడిద బండి పట్టే జాగా వేరే. షెడ్డు ఎత్తు చాలదని కోన్ కోసి పొట్టిగా చేయడం చాలా చోట్ల చూస్తాం, అలా అస్సలు చేయొద్దు, షెడ్డు బయట స్ట్రక్చర్ వేసుకోండి. లోపలి పైపు కూడా అంతే, మధ్యలో ఉండే ఆ పైపు ఇన్‌లెట్ అడుగు కన్నా పైనే ఆగిపోతే వచ్చిన పొగ తిరగకుండానే షార్ట్‌కట్‌లో పైకి వెళ్ళిపోతుంది, బూడిదతో సహా. స్టీలు మిగుల్చుకుందామని ఈ పైపు పొట్టిగా కోసేవాళ్ళకి దాని విలువ తెలీదు.

స్టెప్ 4: ఎంత సన్న రేణువు దాకా పడుతుందో చూసుకోండి

దీనికి ల్యాపుల్ సూత్రం ఉంది. సగం పడి సగం తప్పించుకునే సైజుని కట్ సైజు అంటారు. పొగ జిగట, ఇన్‌లెట్ వెడల్పు, 9, ఈ మూడూ గుణించండి. వేరేగా 2, పై (3.14), పొగ తిరిగే చుట్ల సంఖ్య, ఇన్‌లెట్ స్పీడు, రేణువు సాంద్రత అన్నీ గుణించండి. మొదటి దాన్ని రెండో దాంతో భాగించి వర్గమూలం తీస్తే కట్ సైజు మీటర్లలో వస్తుంది. చుట్ల సంఖ్య అంటే సిలిండర్ ఎత్తుకి కోన్ ఎత్తులో సగం కలిపి ఇన్‌లెట్ ఎత్తుతో భాగించడం, స్టెయిర్మండ్‌కి అది 5.5.

మన అంకెలు వేద్దాం. 180 డిగ్రీల దగ్గర జిగట సుమారు 0.000025 పాస్కల్ సెకన్లు, వెడల్పు 0.224 మీటర్లు, స్పీడు 16, ఊక బూడిద సాంద్రత ఘనపు మీటరుకి 2000 కిలోలు. కట్ సైజు 6.7 మైక్రాన్లు వస్తుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఇక ఏ సైజుకైనా ఎంత పడుతుందో తెలియాలంటే కట్ సైజుని ఆ సైజుతో భాగించి, వర్గం చేసి, 1 కలిపి, ఆ వచ్చినదాంతో 1 ని భాగించండి. 20 మైక్రాన్ల రేణువులు 90 శాతం పడతాయి, 10 మైక్రాన్లవి 69 శాతం, 5 మైక్రాన్లవి 35 శాతం, 2.5 మైక్రాన్లవి 12 శాతం మాత్రమే.

ఈ చివరి అంకె దగ్గర ఆగి ఆలోచించండి. డాబా మీద పడే నల్ల పొర లావు రేణువులు, అవి ఆగిపోతాయి, చుట్టుపక్కల వాళ్ళు సంతోషిస్తారు. కానీ ఊపిరితిత్తుల లోపలి దాకా పోయేది పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్న రేణువులు, అది ఈ సైక్లోన్‌ని దాదాపు దాటిపోతుంది. చిమ్నీ తెల్లగా కనిపించినంత మాత్రాన గాలి శుభ్రం అయిపోలేదు. మిల్లు పక్కనే బడి, బస్తీ ఉంటే రెండో మెట్టు గురించి బోర్డు అడిగేదాకా ఆగకండి. ఊక బూడిదలో ఒక గుణం కూడా ఉంది, పోరస్‌గా ఉండే రేణువులు చూడ్డానికి పెద్దవైనా తేలిగ్గా ఉంటాయి, వాటికి ఈ లెక్క కన్నా తక్కువే పడుతుంది.

స్టెప్ 5: ఒక పెద్దదా, నాలుగు చిన్నవా

అదే 2 ఘనపు మీటర్లని నాలుగు సైక్లోన్లకి పంచితే ఒక్కోటి వ్యాసం 560 మిల్లీమీటర్లు వస్తుంది, స్పీడు అదే 16. వెడల్పు సగమైంది కాబట్టి కట్ సైజు 6.7 నుంచి 4.8 కి తగ్గుతుంది. 10 మైక్రాన్లవి 81 శాతం, 5 మైక్రాన్లవి 52, 2.5 మైక్రాన్లవి 21 శాతం పడతాయి. ఎక్స్‌ట్రా కరెంటు లేకుండానే ఈ లాభం, ఎందుకంటే ప్రెజర్ డ్రాప్ (సైక్లోన్ దాటేసరికి పొగ ఒత్తిడిలో వచ్చే తగ్గుదల) స్పీడు మీద ఆధారపడేది, సైజు మీద కాదు. ఇంకో లాభం, బాయిలర్ సగం లోడులో నడిచేటప్పుడు రెండింటి డ్యాంపర్లు (డక్ట్‌లో పొగని ఆపే తలుపులు) మూసేయొచ్చు. ఒకటే పెద్దది ఉంటే సగం లోడులో స్పీడు 8 కి పడిపోయి కట్ సైజు తొమ్మిదిన్నర మైక్రాన్లకి పోతుంది, రాత్రి షిఫ్ట్‌లో పొగ ఎక్కువ వస్తోందని జనం అనేదానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

అయితే నాలుగింటికీ పొగ సమానంగా పంచాలి, కింద ఒకే హాపర్ పెడితే మధ్యలో అడ్డు ప్లేట్లు ఉండాలి, లేదంటే ఒక సైక్లోన్ నుంచి హాపర్ ద్వారా ఇంకో దాంట్లోకి గాలి ఎక్కి పట్టిన బూడిదంతా మళ్ళీ పైకి తీసుకెళ్తుంది. మరీ చిన్నవి కూడా పెట్టొద్దు, ఊక బూడిద వాటిలో ఇరుక్కుంటుంది, సరిగా కాలని ఊక ముక్కలు వస్తే ఇంకా కష్టం.

స్టెప్ 6: ఫ్యాన్ మీద పడే భారం

స్టెయిర్మండ్ సైక్లోన్‌కి ప్రెజర్ డ్రాప్ అంటే సాంద్రతలో సగం, స్పీడు వర్గం, 6.4, ఈ మూడింటి గుణకారం. 0.39 ఇంటూ 256 ఇంటూ 6.4, సుమారు 640 పాస్కల్స్, మన భాషలో 65 ఎంఎం వాటర్ కాలమ్. దీనికి ఫ్యాన్ తీసుకునే పవర్ 60 శాతం ఎఫిషియన్సీతో 2.1 కిలోవాట్లు, రోజంతా నడిస్తే 50 యూనిట్ల దగ్గర. ఉన్న ఐడీ ఫ్యాన్ (బాయిలర్ నుంచి పొగని లాగే ఫ్యాన్) ఈ 65 ఎంఎం అదనంగా లాగగలదా లేదా అని దాని కర్వ్ తీసి చూడండి, లాగలేకపోతే ఫర్నేస్‌లో డ్రాఫ్ట్ పడిపోయి డోరు లోంచి మంట వెనక్కి కొడుతుంది, అది మనిషికి ప్రమాదం.

స్పీడు పెంచితే ఇంకా బాగా పడుతుంది కదా అని 22 కి తీసుకెళ్తే కట్ సైజు 6.7 నుంచి 5.7 కి తగ్గుతుంది, డ్రాప్ మాత్రం దాదాపు 1.9 రెట్లు అవుతుంది. 30 దాటితే గోడ మీద పడిన బూడిద మళ్ళీ రేగి పైకి పోతుంది, ప్లేటు కూడా త్వరగా అరిగిపోతుంది. అందుకే చిన్న సైక్లోన్లు మంచివి అంటున్నా.

చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే గాలి బరువు వేడి పొగ కన్నా సగం ఎక్కువ, మోటార్ ఆంప్స్ కూడా అంతే పెరుగుతాయి. డ్యాంపర్ మూసి స్టార్ట్ చేసి, వేడెక్కేకొద్దీ మెల్లగా తెరవాలి. ఫ్యాన్‌ని సైక్లోన్ తర్వాతే పెట్టండి, ముందు పెడితే ఇంపెల్లర్ బూడిదకి అరిగిపోతుంది.

స్టెప్ 7: కట్టడం

ఊక బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా, సానరాయిలా ప్లేటుని తినేస్తుంది. పొగ వచ్చి మొదట తగిలే గోడ, కోన్ కింది మూడో వంతు, ఈ రెండు చోట్లా అరుగుదల ఎక్కువ. మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటు 5 లేదా 6 ఎంఎం వేసి ఈ రెండు చోట్ల లోపల అల్యూమినా టైల్సో క్యాస్టబుల్ లైనింగో పెట్టండి. లైనింగ్ మందం లోపలికి వస్తుంది కాబట్టి పైన చెప్పిన కొలతలన్నీ లైనింగ్ తర్వాత మిగిలే లోపలి కొలతలు, డ్రాయింగ్‌లో ఇది పెద్ద అక్షరాలతో రాయించండి.

లోపల వెల్డింగ్ గట్లు గ్రైండ్ చేసి నున్నగా చేయించండి, గోడ వెంట జారే బూడిద గట్టుకి తగిలి ఎగిరితే మళ్ళీ పొగలో కలుస్తుంది. ఫ్లాంజ్‌లో గ్యాస్కెట్ లోపలికి పొడుచుకు వచ్చినా ఇదే గొడవ. ఇన్‌లెట్‌కి ముందు డక్ట్ కొంత దూరం సూటిగా రావాలి, జాగా లేక బెండ్ వేయాల్సివస్తే సైక్లోన్ తిరిగే దిక్కుకే తిరిగేలా వేయండి, ఎదురు బెండ్ వేస్తే బూడిద లోపలి పైపు వైపు చేరుతుంది. బాడీ మొత్తానికి 50 ఎంఎం రాక్‌వూల్, పైన అల్యూమినియం షీట్. ఇది అందానికి కాదు, గోడ చల్లబడితే పొగలోని తేమ అక్కడ చెమర్చి బూడిద పేస్టులా అంటుకుంటుంది, బొగ్గు కూడా కాలుస్తుంటే ఆసిడ్ చెమర్చి ప్లేటు తుప్పు పట్టేస్తుంది.

చిమ్నీకి శాంపిల్ తీసే రంధ్రం ఇప్పుడే పెట్టించండి, కింది బెండ్ నుంచి ఎనిమిది వ్యాసాల పైన, చిమ్నీ కొస నుంచి రెండు వ్యాసాల కింద, దానికి నిలబడే ప్లాట్‌ఫారం, నిచ్చెన, రెయిలింగ్ కూడా.

స్టెప్ 8: కింద ఎయిర్ లాక్, అసలు ప్రాణం ఇక్కడే

సైక్లోన్లు ఫెయిలవడానికి మొదట అనుమానించాల్సింది ఇదే. ఐడీ ఫ్యాన్ లాగుతోంది కాబట్టి లోపల అంతా వాక్యూమ్, సుడి మధ్యలో ఇంకా ఎక్కువ. కింద చిన్న కంత ఉన్నా బయటి గాలి అందులోంచి పైకి ఎక్కి, కోన్ అడుగున చేరిన బూడిదని నేరుగా చిమ్నీలోకి లాక్కుపోతుంది. పొగలో పదో వంతు గాలి ఇలా లీకైనా పట్టే బూడిద బాగా పడిపోతుంది. కాబట్టి రోటరీ ఎయిర్ లాక్ వాల్వ్ పెట్టండి, లేదా రెండు ఫ్లాప్‌ల వాల్వ్, ఒకటి తెరిచినప్పుడు ఇంకోటి మూసి ఉండేది. గోనె సంచి కట్టి వదిలేయడం, డోరు తీసి పారతో లాగడం, ఇవి ఉంటే పైన చేసిన లెక్కంతా గాలికి పోయినట్టే.

హాపర్‌లో బూడిద కోన్ దాకా ఎప్పుడూ పేరుకోకూడదు. లెవెల్ తెలియడానికి ఒక స్విచ్ పెట్టండి, లేదా ఆపరేటర్ గంటకోసారి సుత్తితో తట్టి శబ్దం వినాలి. మన ఉదాహరణలో గంటకి 43 కిలోలు పడుతుంది, ఊక బూడిద తేలిక కాబట్టి జాగా బాగా తీసుకుంటుంది, షిఫ్ట్ మొత్తం ఖాళీ చేయకుండా నడిపేయొచ్చు అనుకోవద్దు.

స్టెప్ 9: గ్యాస్ కూడా తీయాలంటే

ఒట్టి ఊకలో సల్ఫర్ చాలా తక్కువ, అదొక్కటే కాలుస్తుంటే బూడిద చూసుకుంటే ప్రధాన సమస్య తీరుతుంది. బొగ్గు కలిపితే మాత్రం సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. అప్పుడు సైక్లోన్ తర్వాత తడి స్క్రబ్బర్. పొగని గుండ్రటి టవర్‌లోకి పక్క నుంచి తిప్పుతూ పంపి మధ్యలో నాజిళ్ళతో సున్నపు నీళ్ళో కాస్టిక్ నీళ్ళో చల్లుతారు, ఘనపు మీటరు పొగకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా. సల్ఫర్ డయాక్సైడ్ నీటి చుక్కలో కరిగి క్షారంతో కలిసి ఉప్పు అయిపోతుంది, ఇక అది గ్యాసు కాదు, చుక్కలో భాగం. సుడి ఆ చుక్కని గోడకి కొడుతుంది. 50 మైక్రాన్ల చుక్క అయితే మన సైక్లోన్ లెక్క ప్రకారం 96 శాతం పైగా పడుతుంది. మొదట చెప్పిన షరతు ఇదే, గ్యాసుని చుక్కలోకి దించితే సెంట్రిఫ్యూగల్ ఫోర్స్ తన పని తాను చేస్తుంది.

నీళ్ళ పీహెచ్ రోజూ చూడాలి, క్షారం అయిపోయి నీళ్ళు పుల్లబడితే గ్యాసు కరగడం తగ్గిపోతుంది, పంపు తిరుగుతున్నా లాభం ఉండదు. వాడిన నీళ్ళని కాలవలోకి వదిలేస్తే గాలి సమస్యని పొలానికి మార్చినట్టు, సెటిలింగ్ ట్యాంకులో బూడిద దింపి పైనీళ్ళు మళ్ళీ వాడండి. టవర్‌కి మామూలు ఎంఎస్ నిలవదు, స్టెయిన్‌లెస్ లేదా ఎఫ్ఆర్‌పీ (ఫైబర్ కలిపిన ప్లాస్టిక్) లైనింగ్ కావాలి. కార్బన్ డయాక్సైడ్ ఈ స్క్రబ్బర్‌తో తగ్గిందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

స్టెప్ 10: నడపడం, తప్పు పట్టుకోవడం

ఇన్‌లెట్‌కీ అవుట్‌లెట్‌కీ మధ్య యూ ట్యూబ్ మానోమీటర్ తగిలించండి, ప్లాస్టిక్ గొట్టం, రంగు నీళ్ళు, స్కేలు, ఇంతే ఖర్చు. కొత్తలో ఫుల్ లోడులో ఎంత చూపించిందో గోడ మీద రాసిపెట్టండి. అది బాగా తగ్గితే పొగ తక్కువగా వస్తోంది, లేదా సైక్లోన్‌కి ముందు ఎక్కడో పూడుకుంది, లేదా లోపలి పైపుకి చిల్లు పడి షార్ట్‌కట్ అవుతోంది. పెరిగితే పొగ ఎక్కువ లాగుతున్నారు, ముందు ఫర్నేస్ డోర్లు, డక్ట్ లీకులు చూడండి. కింద బూడిద రంధ్రం పూడుకుపోతే మాత్రం మానోమీటర్ పెద్దగా మారకపోవచ్చు, చిమ్నీ నల్లబడటం, హాపర్‌లో బూడిద పడకపోవడం చూసి పట్టుకోవాలి. అందుకే షిఫ్ట్‌కి ఎన్ని బండ్ల బూడిద వచ్చిందో రిజిస్టర్‌లో రాయించండి, అంతకన్నా నిజం చెప్పే మీటర్ ఇంకోటి లేదు.

సీజన్ అయిపోయాక లోపలికి దిగి చూడాలి, ఇక్కడ మనిషి ప్రాణం సంగతి కాబట్టి కచ్చితంగా ఉంటా. ఫ్యాన్‌కీ, రోటరీ వాల్వ్‌కీ మెయిన్ తీసి తాళం వేసి, తాళం చెవి దిగే మనిషి జేబులో ఉండాలి. పూర్తిగా చల్లారాక, డోర్లన్నీ తెరిచి గాలి ఆడించి, ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్ మీటర్‌తో చూశాకే దిగాలి, బయట ఇంకో మనిషి నిలబడే ఉండాలి. బూడిద పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు ఉంటుంది, కాలు పెడితే కాలిపోతుంది, ఊక కుప్పల పక్కన పోస్తే యార్డు అంటుకుంటుంది.

బూడిద ఎత్తే కూలీలకి ఎన్95 మాస్కు ఇవ్వండి, తువ్వాలు చాలదు. బాగా వేడి మీద కాలిన ఊక బూడిదలో సిలికా స్ఫటికంగా మారుతుంది, అది ఏళ్ళ తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది, వచ్చాక తిరిగి తగ్గే జబ్బు కాదు అది. లోడ్ చేసేముందు బూడిద మీద నీళ్ళు చల్లి తడపండి, ట్రాక్టర్ మీద టార్పాలిన్ కట్టండి. ఇటుక బట్టీల వాళ్ళు, సిమెంటులో కలిపేవాళ్ళు ఈ బూడిద కొంటారు, ముందే మాట్లాడి పెట్టుకుంటే రోడ్డు పక్కన పోసే అవసరం రాదు.

దిగినప్పుడు ముందు ఇన్‌లెట్ ఎదురు గోడ, తర్వాత కోన్ అడుగు, తర్వాత లోపలి పైపు అంచు చూడండి, ప్లేటు మందం అల్ట్రాసోనిక్ గేజ్‌తో కొలిచి తేదీతో రాయండి. సగం అరిగిన చోట ప్యాచ్ బయట నుంచి వేసి ఊరుకోవద్దు, లోపల గుంట అలాగే ఉండి బూడిద అక్కడ సుడి తిరుగుతూ ఇంకా త్వరగా తినేస్తుంది, ఆ ముక్క కోసేసి కొత్త ప్లేటు లోపలి వైపు సమానంగా అతికించి గ్రైండ్ చేయించాలి. ఎయిర్ లాక్ రబ్బరు టిప్పులు మాత్రం అరిగాయా లేదా అని చూడకుండానే ప్రతి సీజన్ ముందు మార్చేయండి.